వెనకగదిలో ఉండాల్సిన కాగితాలు

సికింద్రాబాద్,
ఆదివారం, ఆరాధన నుంచి వచ్చాక

ప్రియమైన అక్కకు,

నీ చెల్లెలు కరుణ వందనాలు. దేవుని దయవల్ల నేనిక్కడ ఆరోగ్యంగా ఉన్నాను, వేళకు తింటున్నాను, దిగులు పడకు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారి దగ్గు ఎలా ఉంది? ప్రెస్సు వెనకగదిలోని బీరువా తాళంచెవి నాన్న ఇంకా తన చొక్కా జేబులోనే వేసుకుని తిరుగుతున్నారా? ఆ సంగతి చివర్లో రాస్తాను, ముందే అక్కడికి దూకకు. ఫోన్‌లో అయితే ప్రింటింగ్ మిషన్ చప్పుడుకి నీకు సగం వినపడదు, మిగతా సగానికి "ఆఁ, ఆఁ" అంటావు. అందుకే ఉత్తరం.

ఇక్కడి వాన మన తెనాలి వానలా రోజంతా కూర్చోదు. వస్తుంది, బట్టలు తడుపుతుంది, పోతుంది. బోయిన్‌పల్లిలో గది బాగానే ఉంది. ఇంటావిడ పచ్చిపులుసు చేసినప్పుడల్లా గిన్నెతో పంపిస్తుంది. మొదట్లో ఇదేం చారు అనుకున్నాను, ఇప్పుడు అడిగి పోయించుకుంటున్నాను. అయినా గోంగూర పచ్చడి మర్చిపోకు, వెల్లుల్లి ఎక్కువ వెయ్యి. సాయంత్రం మిషన్ ఆపి "కరుణా, టీ పెట్టవే" అని కేకేస్తావే, ఆ వేళకు మాత్రం ఏమీ తోచదు. అదొక్కటే బెంగ. తక్కినదంతా బాగుంది, నిజంగా బాగుంది.

పని గురించి అడిగావు. మెట్ట పంటల మీద మూడు నెలలకొకసారి వచ్చే పరిశోధన పత్రిక మాది. ఇన్నేళ్లూ అచ్చులోనే వచ్చింది, ఇప్పుడు ఇంటర్నెట్‌లోకి తెస్తున్నాం. సంపాదకులు యాదగిరి సార్, రిటైరైన లెక్చరర్. మూడు నెలలు నా పని చూసి ఉద్యోగం ఖాయం చేస్తానన్నారు. వచ్చిన ప్రతి వ్యాసాన్నీ ఆ విషయం తెలిసిన ఒక పెద్దాయన చదివి మంచిచెడ్డలు రాసిస్తారు. ఎవరు చదివారో రాసినవాళ్లకు తెలియకూడదు. పేరు బయటపడదన్న ధైర్యంతోనే ఆ పెద్దలు మొహమాటం లేకుండా చెబుతారు. ఈ రాకపోకలన్నీ నడిపే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాన్ని సర్వర్‌లో పెట్టి, తాళాలు వెయ్యడం నా పని.

సర్వర్ అంటే భయపడకు, ఎక్కడో అద్దెకు తీసుకున్న కంప్యూటర్. మన ప్రెస్సులాగే దానికీ ముందుగది, వెనకగది ఉంటాయి. ముందుగదిలో పెట్టింది లోకమంతా చూస్తుంది. వెనకగదిలోది సాఫ్ట్‌వేర్ మాత్రమే చూస్తుంది. నేను ఒక్కదాన్నే కూర్చుని అంతా ఎక్కించాను. సైట్ పేరు పక్కన తాళం గుర్తు తెప్పించాను. సార్ తన ఇంటి నంబరునే పాస్‌వర్డ్‌గా పెట్టి క్యాలెండర్ మీద రాసుకుంటే, అది మార్చి క్యాలెండర్‌ని కూడా ఇంటికి పంపించేశాను. రోజూ ఒక నకలు వేరేచోట దాస్తున్నాను. గొప్పలు అనుకో, ఏమైనా అనుకో, ఈ పని నాకు వచ్చు.

ఇంత పని వచ్చినదాన్నే అయినా ఒకచోట తప్పు చేశాను. సైట్ షురూ చేసింది శుక్రవారం. పదిన్నరకు రాహుకాలం వస్తుందని సార్ గోడగడియారం కింద నిలబడి, "జెర జల్ది కానియ్యమ్మా, కొబ్బరికాయ కొట్టాలె" అని ఒకటే తొందర. రాహుకాలం మన ఇంట్లో ఎవరు చూశారు? అయినా పెద్దాయన ముచ్చట కదా అని నేనూ ఉరికాను. వచ్చిన వ్యాసాలు, వాటి మీద పెద్దలు రాసే ఉత్తరాలు ఏ ఫోల్డర్‌లో ఉంచాలని సాఫ్ట్‌వేర్ అడిగితే, అది చూపించిన చోటుకే సరే అని నొక్కేశాను. తర్వాత మార్చుకోవచ్చులే అనుకున్నాను. అది ముందుగది. సార్ పెన్‌డ్రైవ్‌లోని పాత ఉత్తరాలు కూడా అందులోనే పోశాను.

పోయిన మంగళవారం మోండా మార్కెట్‌లో చింతపండు తూయిస్తూ, బయటివాళ్లకు సైట్ ఎలా కనిపిస్తుందో చూద్దామని ఫోన్‌లో ఆ ఫోల్డర్ చిరునామా కొట్టాను. పాస్‌వర్డ్ అడగలేదు. జాబితా మొత్తం తెరుచుకుంది. ఫైళ్లకు పేర్లు పెట్టడంలో సార్ పద్ధతి వేరు, చదివిన మనిషి పేరే పెడతారు. "నర్సింగరావు – గట్టిగ తిట్టిండు" అని ఒకటి అన్నిటికన్నా పైన ఉంది. చింతపండు అక్కడే వదిలేసి ఆఫీసుకు పరుగెత్తాను.

పది నిమిషాల్లో ఫోల్డర్‌ని వెనకగదిలోకి మార్చేశాను. సర్వర్‌లో బయటి నుంచి ఏ ఫైలు ఎన్నిసార్లు తెరిచారో రాసే చిట్టా ఉంటుంది. చూస్తే, బయటివాళ్లెవరో ఆ నర్సింగరావుగారి ఉత్తరాన్ని మూడుసార్లు తెరిచారు. సార్ ఇంకా రాలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు అక్కా. బడి పరీక్ష పేపర్లు మన ప్రెస్సులో వేసినప్పుడు, చెడిన కాగితాలు లెక్కపెట్టి పొయ్యిలో వెయ్యడం నీ పని. ఒక కాగితం తీసి శెనక్కాయలు పొట్లం కట్టి స్నేహితురాలికి ఇచ్చింది నేను. హెడ్‌మాస్టరు ఆ కాగితం పట్టుకుని వచ్చినప్పుడు నాన్న చేతిలో దెబ్బలు తిన్నది నువ్వు. నావైపు ఒక్కసారి చూశావు, నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు.

సార్ రాగానే చెప్పేశాను.

"నర్సింగరావు పేరు సుత కనవడ్డదా?" అన్నారు.

"కనపడింది సార్. ఎవరో చదివారు కూడా."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "గిట్లయితే రేపు ఎవలు సదివిపెడ్తరమ్మా మనకు? రాహుకాలమని నిన్ను తొందరవెట్టింది సుత నేనే గదా."

"సరే అని నొక్కింది నేను సార్."

కుర్చీలోంచి లేచారు. "పా, పోయి ఆయనకే చెప్దాం."

నర్సింగరావుగారి ఇల్లు బన్సీలాల్‌పేట్‌లో, మెట్లబావి వెనక సందులో. నేను చెప్పిందంతా కళ్లద్దాలు తీసి విన్నారు. "చెప్పకుంటే నాకు ఎట్ల తెలుస్తుండె?" అన్నారు.

"తెలిసేది కాదండి. కానీ బయటికి పోయింది మీ పేరు. అది మీకు తెలియాలి కదా."

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. వాళ్లావిడ ఇచ్చిన చాయ్ మేమిద్దరమే తాగి వచ్చేశాం. మూడు రోజులు ఏ కబురూ లేదు. నేను కూర్చుని సర్వర్‌లో ప్రతి తలుపూ తట్టి చూశాను, రెండుసార్లు చూశాను. జాబితాలో ఉన్న మిగతా పెద్దలందరికీ సార్ తనే ఫోన్ చేసి చెప్పారు.

నిన్న పొద్దున కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి నర్సింగరావుగారి ఉత్తరం వచ్చింది, కొత్త వ్యాసం మీద. తిట్లకేమీ తక్కువ లేదు. చివర్లో సార్‌కు ఒక ముక్క: "ఆ పిల్ల ఉన్నన్ని దినాలు నాకు వ్యాసాలు పంపుర్రి." సార్ అది రెండుసార్లు చదివి, "మూడు నెలలు ఎందుకమ్మా, ఇగ సర్వర్ తాళాలన్నీ నీ దగ్గర్నే ఉండనీ" అన్నారు. ఆ ఉత్తరం మూడుసార్లు చదివింది ఎవరో మాత్రం ఇప్పటికీ తెలియదు.

అమ్మకు, బావగారికి, మన సంఘంలో పెద్దలందరికీ నా వందనాలు చెప్పు. నాకోసం ప్రార్థన చెయ్యండి. ఇక ఈ కింది నాలుగు మాటలు నాన్నకు పైకి చదివి వినిపించు. మధ్యలో ఆపకు, నన్ను వెనకేసుకురాకు.

నాన్నా, ఆ రోజు శెనక్కాయల పొట్లం కట్టింది అక్క కాదు, నేను. ప్రెస్సు అంతా తన చేతిమీదే నడుస్తున్నా, "నీకు కాగితాలు అప్పజెప్పకూడదు" అంటూ ఇన్నేళ్లూ ఆ బీరువా తాళంచెవి తనకివ్వలేదు మీరు. తను ఒక్క కాగితం కూడా పోగొట్టలేదు. ఇప్పుడు మీ ఎదురుగానే నిలబడి ఉంటుంది. జేబులోంచి తీసి ఇచ్చేయండి.

మీ అందరి దీవెనలు కోరుతూ,
కరుణ