ఓడ మీద అత్తగారు

పూజ్యులైన అత్తయ్యగారికి,

మేడ మీది నుంచి కోడలు నమస్కరించి రాయునది. ఇక్కడ మేం క్షేమం. కింద మీరూ క్షేమమేనని పొద్దున్నే వినపడ్డ దగ్గువల్ల తెలిసింది.

మొన్న మనిద్దరం మెట్ల దగ్గర అరుచుకున్న అరుపులకి వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది. అందుకని మీ అబ్బాయి ఓ రూలు పెట్టారు కదా: ఇకమీదట అత్తాకోడళ్ళు ఏం చెప్పుకోవాలన్నా కాగితం మీద రాసుకుని, కూరగాయలు పైకి లాక్కునే బుట్టలో వేసుకోవాలి. సరే, రాస్తున్నాను.

విషయం మీ సొరపాదు. నిరుడు గేటు దగ్గర ఉండేది. ఈ ఏడు ఏం బుద్ధి పుట్టిందో, తెచ్చి సరిగ్గా నా కిటికీ కింద పెట్టారు. అది గోడంతా పాకి ఇప్పుడు కిటికీ కప్పేసింది. నా కుట్టుమిషన్‌కి ఉన్న వెలుతురల్లా ఆ కిటికీయే. బడి తెరిచేలోగా పిల్లల యూనిఫారాలన్నీ కుట్టి ఇవ్వాలని మీకు తెలుసు. ఇంతవరకూ ఇంటి తెరలూ దిండు గలేబులూ కుట్టుకున్నదాన్ని, నాకంటూ దొరికిన మొదటి పెద్ద పని ఇది. టైముకి ఇవ్వకపోతే అది సందు చివరి టైలర్‌కి పోతుంది. నిన్న ఆ చీకట్లో ఒక చొక్కాకి రెండూ కుడి చేతులే కుట్టాను. దయచేసి పాదుని కిటికీ కిందివరకూ కోయించండి.

ఇట్లు,
మీ విధేయురాలు, కోడలు

తా.క. మధ్యాహ్నం మూడింటికి మిషన్ వేడెక్కిపోతే ఆపి, కాసేపు పుస్తకం చదువుకుంటాను. సరిగ్గా అప్పుడే మీరు పీట వేసుకుని నా కిటికీ కింద కూర్చుంటున్నారు. నేను పని చేస్తున్నానో లేదో తెలుసుకోవడానికి ఎండలో కాపలా ఎందుకండీ, అడిగితే నేనే చెబుతాను.

* * *

చిరంజీవి కోడలికి,

కింది వాటానుంచి అత్తయ్య ఆశీర్వదించి రాయునది. నీ ఉత్తరం దిగింది. బుట్టలో నిన్నటి టమాటా ఒకటి చితికి ఉండడంవల్ల రెండు వాక్యాలు చదవడానికి రాలేదు. అవి క్షమాపణలై ఉంటాయని సరిపెట్టుకున్నాను.

గేటు దగ్గర గాలికి తీగలు తెగిపోతున్నాయి, అందుకే మార్చాను. మేడ మీద ఉడికిపోతున్నాం అని రోజూ మా అబ్బాయి ప్రాణం తీస్తావు కదా, ఆ ఆకుల చల్లదనం ఎవరికి? చేసిన మేలు గుర్తించకపోతే పోయె, పైగా పాదు మీద పితూరీలు! రెండు కుడి చేతులకి కారణం చీకటి కాదమ్మా, పరధ్యానం. కాపురానికొచ్చిన కొత్తలో నాకు కుట్టిపెట్టిన దిండు గలేబుకి నాలుగు పక్కలా కుట్లేశావు. అప్పుడు ఏ పాదు అడ్డమొచ్చింది?

ఇక కిటికీ కింద కూర్చోవడం అంటావా, కలుపు తీయడానికి. కలుపు నిన్నడిగి మొలవదు. నా కళ్ళజోడు కాడ విరిగింది. బాగుచేయిస్తానని మా అబ్బాయి చెబుతూనే ఉన్నాడు. నేనా చదువుకోలేను. పైనుంచి నాలుగు ముక్కలు చెవిన పడితే అది కాపలానా?

ఇట్లు,
అత్తయ్య

తా.క. నిన్న ఓడలోకి నీళ్ళు వస్తుంటే టక్కున పుస్తకం మూసేశావు. మనిషన్నాక అధ్యాయం చివర్లో ఆపడం నేర్చుకోవాలి.

ఇంకో తా.క. ఆ ఓడ కెప్టెన్ వాళ్ళమ్మ ఎంత చక్కటి మనిషి!

* * *

పూజ్యులైన అత్తయ్యగారికి,

కోడలి నమస్కారాలు. ఆ రెండు వాక్యాలూ క్షమాపణలు కావు. టమాటా మీద పడ్డందుకు సంతోషించండి.

కళ్ళజోడు విరిగిందంటున్నారు. నిన్న వీధి మలుపులో పోతున్న టీచరమ్మ చీర అంచు వంకరగా ఉందని మన గుమ్మంలోంచే గుర్తుపట్టిందెవరండీ?

ఆ పుస్తకం మీ అబ్బాయి అటక మీది పాత ట్రంకు పెట్టెలోంచి తీసిచ్చారు. అట్ట కూడా లేదు. నాకు గట్టిగా చదివితే తప్ప బుర్రకెక్కదు కాబట్టి మీ చెవిన పడింది. వినండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ కెప్టెన్ వాళ్ళమ్మ చక్కటి మనిషి ఎలా అయిందో నాకు అర్థం కాలేదు. మంచినీళ్ళ పీపాకి తాళం వేసి, తాళంచెవి నడుముకి కట్టుకుని ఓడంతా తిరుగుతుంది. తెరచాపలు కుట్టే కోడలి వెనకాల నిలబడి వంకర, వంకర అంటుంది. వంటవాణ్ణి ఏడిపించింది. సముద్రానికి కూడా సలహాలిస్తోంది. చదువుతున్న నాకే ఒళ్ళు మండిపోతోంది. ఇలాంటి మనిషిని ఎక్కడో చూసినట్టు లేదూ మీకు? కాస్త ఆలోచించండి.

పాదు సంగతి మీరు తేల్చలేదు. ఇవాళ ఓ సొరపిందె ఊచల్లోంచి దూరి నా గదిలోకి వచ్చేసింది. మిషన్ చక్రం తిప్పుతుంటే మోచేతికి తగులుతోంది. కుట్టు కుట్టుకీ పలకరించినట్టుంది.

ఇట్లు,
మీ కోడలు

తా.క. గుడ్డలు కత్తిరించే నా పెద్ద కత్తెర కనిపించడం లేదు. దాంతో కాగితం కోసినా పదును పోతుందని మీకు చాలాసార్లు చెప్పాను. మీరేమైనా చూశారా?

* * *

చిరంజీవి కోడలికి,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వన్నట్టే ఆలోచించాను. నిజమే, అలాంటి మనిషిని చూశాను. మీ అమ్మ. నేను ముందే అందామనుకుని మొహమాటపడ్డాను. నువ్వే ఎత్తావు కాబట్టి సరిపోయింది.

అయినా కెప్టెన్ తల్లిని అలా తీసిపారేయకు. నడిసముద్రంలో మంచినీళ్ళకి తాళం వేయకపోతే నాలుగో రోజుకి అందరూ గొంతెండి పోయేవాళ్ళు. గడ్డాలు పెంచుకున్న అంతమంది మగవాళ్ళలో ఒక్కడికైనా తట్టిందా ఆ మాట? ఓడ మొత్తానికి బుద్ధున్నది ఆవిడొక్కతే. ఆ తెరచాపల పిల్ల ఉందే, దాని పొగరు చూడలేకపోతున్నాను. నాకైతే రెండు తెరచాపలూ కుడివైపువే కుట్టిందని అనుమానం. లేకపోతే ఓడ అన్నిరోజులు అక్కడక్కడే ఎందుకు తిరుగుతోంది?

సొరకాయ జోలికి మాత్రం రాకు. వేరు నాది, తీగ నాది, నీళ్ళు పోసింది నేను. ఊచలు దాటి నీ గదిలోకి వచ్చినంతమాత్రాన నీదైపోదు. మా అబ్బాయి విషయంలోనూ నువ్వు ఇదే పొరపాటు పడ్డావు.

ఇట్లు,
అత్తయ్య

తా.క. కత్తెర నాకెలా కనిపిస్తుందమ్మా, కళ్ళజోడు లేదుగా.

* * *

అత్తయ్యగారికి,

నమస్కారం. నన్నేమన్నా పడ్డాను. మా అమ్మ జోలికి వస్తే ఊరుకోను.

పొద్దున హెడ్మిస్ట్రెస్ గారు స్వయంగా మెట్లెక్కి వచ్చారు. ఒక చొక్కా తీసి చూసి, ఈ జేబు వీపు మీద ఎందుకుందమ్మా అనడిగారు. నేను సొరపాదు అని చెబితే ఆవిడ నా వంక చూసిన చూపు మీరు చూసి ఉండాల్సింది. సోమవారం మళ్ళీ వస్తారట. అప్పటికీ పని ఇలాగే ఉంటే గుడ్డంతా టైలర్‌కి ఇచ్చేస్తారట. ఇన్నాళ్ళకి నన్ను నమ్మి ఒకరు పనిచ్చారు. అది మీ ఆకుల మాటున పోతోంది. నాకు ఏడుపొస్తోంది, ఆ సంగతి కూడా రాసేస్తున్నాను.

కాబట్టి ఆదివారం పొద్దున్న నేనే కిందికి దిగి, కూరగాయల కత్తితో మీ పాదుని మొదలంటా కోసేస్తాను. మీ అబ్బాయికి చెప్పాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకుని ఊఁ అన్నారు. అది నా పక్షమనే అనుకుంటున్నాను.

ఇట్లు,
కోడలు

తా.క. ఇవాళ మూడింటికి మామూలుకంటే గట్టిగా చదువుతాను. మీ పీట కాస్త ముందుకి జరుపుకోండి. ఓడకి పెద్ద తుఫాను రాబోతోంది.

* * *

కోడలికి,

విన్నాను. పీట జరపకుండానే వినపడింది.

కెప్టెన్ తల్లిని కెరటం ఈడ్చుకుపోయిందన్నమాట. తాళంచెవి బరువుకే మునిగిపోయిందట. ఓడ మీద అందరూ చప్పట్లు కొట్టారట. బాగుంది. కన్నకొడుకు కెప్టెన్, ఓడ నిండా తాళ్ళు, ఒక్క తాడు విసరడానికి ఒక్కడికీ చెయ్యి రాలేదా? ఆవిడకి ఈత రాదని ఎవరు చెప్పారు?

పుస్తకంలో మనిషేగా అనుకున్నాను. అయినా రాత్రి ముద్ద దిగలేదు. తాళం వేసింది నిజమే, మరి ఆ నీళ్ళు ఆవిడ ఒక్కతే తాగిందా? ఆ తెరచాపల పిల్లకి జ్వరమొచ్చి మూలుగుతుంటే, తెల్లవార్లూ గుడ్డ తడిపి నుదుటి మీద వేసిందెవరు? కెప్టెన్ గారు అప్పుడు గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. అవన్నీ నువ్వు చదివే పుస్తకంలో రాసి ఉండవులే.

పాదుని కోసుకో. ఆదివారం దాకా ఆగక్కర్లేదు. రేపటినుంచి నేను కిటికీ కింద కూర్చోను. కలుపు అయిపోయింది.

అత్తయ్య

తా.క. ఏమీ లేదు.

* * *

అత్తయ్యా,

మూడింటికి పుస్తకం తెరిచాను. కింద పీట లేదు. నాలుగు వాక్యాలు చదివి మూసేశాను. గట్టిగా చదివితే తప్ప బుర్రకెక్కదన్నానా, ఇవాళ గట్టిగా చదివినా ఎక్కలేదు.

మీకో మాట చెప్పాలి. ఆ పుస్తకంలో కెప్టెన్ తల్లి లేదు. కోడలూ లేదు. అసలు ఆడమనిషన్నదే లేదు, మొదటినుంచీ చివరిదాకా గడ్డాలూ తాళ్ళూ ఉప్పునీళ్ళూ. మీరు కిటికీ కింద పీట వేశారని ఒళ్ళు మండి, రెండో రోజే మిమ్మల్ని ఓడెక్కించాను. మీకు ఉక్రోషం రావాలని నీళ్ళకి తాళం వేయించాను. మీకు నచ్చింది. ఇంకాస్త చెడ్డదాన్ని చేశాను. ఇంకా నచ్చింది! లోకంలో ఏ అత్తగారైనా ఇలా చేస్తుందా? మా అమ్మని అన్నారన్న కోపంలో చివరికి తోసేశాను. కెరటమూ నేనే, చప్పట్లూ నేనే. చప్పట్ల దగ్గరికొచ్చేసరికి నా గొంతు నాకే నచ్చలేదు.

ఆ జ్వరం నాకు గుర్తుంది అత్తయ్యా. మీ అబ్బాయి గుర్రు కూడా గుర్తుంది. నాది తప్పే. మీరు మళ్ళీ పీట వేసుకోండి, ఆవిణ్ణి ఎలాగోలా బతికిస్తాను. ఏ చేప కడుపులోంచైనా తీస్తాను.

మీ కోడలు

తా.క. పాదుని కోయలేదు. కత్తి పట్టుకుని దిగి, మూడో మెట్టు మీదనుంచి వెనక్కి వచ్చేశాను. మీ అబ్బాయి ఇప్పుడే వచ్చి, మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారా లేదా, బుట్ట ఖాళీ అయితే ఉల్లిపాయలు లాక్కోవాలి అన్నారు.

* * *

చిరంజీవి కోడలికి,

కింది వాటానుంచి అత్తయ్య ఆశీర్వదించి రాయునది. నేను క్షేమం. మునిగిపోయినదాన్ని ఉత్తరం రాస్తున్నానంటే తెలుస్తూనే ఉందిగా.

ఆ పుస్తకంలో ఆడమనిషి లేదని నువ్వా నాకు చెప్పేది? అటక మీది ట్రంకు పెట్టె ఎవరిదనుకున్నావు? పెళ్ళికి ముందు ఆ పుస్తకం అట్ట ఊడిపోయేదాకా చదివింది నేనే. కళ్ళజోడుకేం, లక్షణంగా నా ముక్కు మీదే ఉంది.

మొదటిరోజు నిజంగా కలుపుకే వచ్చాను. పాత పుస్తకం వినపడితే సంతోషమేసి కూర్చున్నాను. మర్నాడు పీపా పక్కన ఎవరో పెద్దావిడ తేలింది. మా ఓడలో ఈవిడెవరబ్బా అని చెవి ఒగ్గాను. నడుముకి తాళంచెవి అనగానే నా స్టోర్ రూము తాళం తడుముకున్నాను. అప్పటినుంచీ రోజూ మండుటెండలో కూర్చున్నది నా గురించి నువ్వేమనుకుంటున్నావో వినడానికే. నువ్వు మొదటి ఉత్తరంలో రాసిన మాట నిజం, కాపలాయే. నన్ను నేను పొగుడుకుంటే నువ్వు ఉడుక్కుంటావని పొగుడుకున్నాను. మీ అమ్మని కలపడం మాత్రం నా తప్పు, ఆవిడ బంగారం. కానీ మన చావుకి కొట్టిన చప్పట్లు మన చెవులతో వినడం అంత తేలిక కాదు అమ్మాయ్. ఏడ్చాను. చదువుతూ చదువుతూ నీ గొంతు బొంగురుపోయిందిగా, అందుకని ఊరుకున్నాను.

ఇందాక నువ్వు దారం కొనడానికి బజారుకెళ్ళినప్పుడు నిచ్చెన వేయించుకుని కిటికీ మీది తీగలన్నీ కోసేశాను. నీ గది చల్లగా ఉండాలనే పాకించాను, అది మాత్రం అబద్ధం కాదు. వెలుతురొచ్చింది, కుట్టుకో. చొక్కాలు కుట్టినవి కుట్టినట్టు బుట్టలో దింపు, కాజాలు నేను తీస్తాను. వీపు మీది జేబులు కూడా విప్పి ముందుకి మారుస్తాను. సోమవారం హెడ్మిస్ట్రెస్ వచ్చినప్పుడు నువ్వు మాట్లాడకు, సొరపాదు పేరు అసలే ఎత్తకు. లోపల ఇరుక్కున్న సొరకాయ ఇక ఊచల్లోంచి బయటికి రాదు. నీ దగ్గరే ఉంచుకో, మా అబ్బాయిలాగే.

రేపు మూడింటికి పీట వేసుకుంటాను. ఆవిణ్ణి బతికించడానికి చేపలూ గీపలూ ఏం వద్దు. నాకు ఈత వచ్చు.

ఇట్లు,
ఓడలోకి తిరిగి ఎక్కుతున్న
నీ అత్తయ్య

తా.క. తీగలు కోసింది నీ పెద్ద కత్తెరతోనే. ఇన్నాళ్ళూ నా పూలకుండీ వెనకాలే ఉంది. సొరతీగకి అంత బాగా తెగే కత్తెర నేనెక్కడా చూడలేదు. బుట్టలో పెట్టి పంపుతున్నాను. ఎందుకో మరి, ఈ ఉత్తరం అంచు కత్తిరిద్దామంటే మాత్రం తెగలేదు.