నిఘంటువుకెక్కిన అక్క

14 మార్చి, ఆదివారం

చిరంజీవి తమ్ముడికి,

మనసు రాకపోయినా, చిన్నప్పటి అలవాటు కొద్దీ ఆశీర్వదిస్తూ అక్క రాస్తున్నది. ఇక్కడ నేను, మీ బావ, నీ మేనకోడలు బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు బ్రహ్మాండంగా ఉన్నావని పేపర్లో చదివాను. క్షేమ సమాచారాలు అయిపోయాయి కాబట్టి ఇక తిట్లకు వస్తాను.

నువ్వు ప్రధాన సంపాదకుడిగా వెలగబెడుతున్న ఆ ఇంగ్లీషు నిఘంటువులోకి ఈ ఏడాది కుర్రకారు మాటలు, ఫోన్లలో కొట్టుకునే పొట్టి రాతలు చాలా చేర్చారట. శుక్రవారం పేపర్లో దాని గురించి అర పేజీ వేశారు. మధ్యలో చేతులు కట్టుకుని నవ్వుతూ నీ ఫొటో. పక్కన పెట్టెలో కొత్త మాటలు, వాటి అర్థాలు, ఒక్కోదానికీ ఒక ఉదాహరణ వాక్యం. మా బస్సు డిపోలో ఆ పేపరు చేతులు మారి మారి సూపర్‌వైజరు దగ్గరికి వచ్చింది. ఆయన పైకి చదివాడు. టీఎల్‌డీఆర్ అంటే మరీ పొడుగు, చదవలేదు అని అర్థమట. దాని కింద ఉదాహరణ: మా అక్క మళ్ళీ ఓ పొడుగాటి ఉత్తరం పంపింది, టీఎల్‌డీఆర్.

అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు సగంలో ఉండగా తట్టింది, ఆ అక్కను నేనేనని. తల కొట్టేసినట్టయింది. పని ఉందని చెప్పి, నా కౌంటర్లో జనం బస్సుల్లో మరిచిపోయిన గొడుగుల వెనక్కి పోయి కూర్చున్నాను.

కొత్త మాటల మీద నాకు పేచీ ఏమీ లేదు. మా డ్రైవర్ల గ్రూపులో పొట్టి రాతలు లేకపోతే పొద్దు గడవదు. సిగ్నలు పడి బస్సు ఆగిన క్షణంలో దారిలో ఉన్నానని చెప్పాలంటే మూడక్షరాలకే టైముంటుంది. జనం వాడే మాటలు పుస్తకంలోకి ఎక్కితే మంచిదే. కానీ అది చెప్పడానికి నువ్వు ఎవడివిరా? నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడు నీకు ఇంగ్లీషులో ఉత్తరం రాయాలని ముచ్చటపడి రాస్తే, నువ్వు అనే మాటకి ఉత్త ‘యు’ అని ఒక్క అక్షరం వేశానని ఎర్ర సిరాతో దిద్ది తిరుగు టపాలో పంపావు. ఉత్తరంలో నేనడిగిన ఒక్క ప్రశ్నకి కూడా జవాబు లేదు, దిద్దుబాట్లు తప్ప. అలాంటివాడివి ఇప్పుడు వేదికలెక్కి, భాష జనం సొత్తు అని ఉపన్యాసాలిస్తున్నావు. మాటలకు మర్యాద ఇవ్వడం నేర్చుకున్నావు, సంతోషం. మాట్లాడేవాళ్ళ సంగతేమిటి?

నువ్వు చదవని ఆ పొడుగాటి ఉత్తరంలో ఏముందో చెప్తాను. నువ్వు చదివినా చదవకపోయినా నా కడుపుమంట చల్లారాలి కదా.

రెండేళ్ళ కిందట నేను నడిపే బస్సు ఎడమ వైపు అద్దాన్ని దీపం స్తంభానికి గీకాను. అన్నేళ్ళ సర్వీసులో నా బండికి గీత పడలేదు. వారం తిరక్కుండా అదే అద్దం, అదే స్టాపు, అదే స్తంభం. సూపర్‌వైజరు నిలదీస్తే, ఆ స్తంభం నాకు కనపడలేదని వాదించాను. కళ్ళ డాక్టరు దగ్గరికి పంపారు. ఒక గిన్నెలాంటి దాంట్లో తల పెట్టించి, వెలుగు చుక్క కనపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. నేను నొక్కుతూనే ఉన్నాను. నాకు కనపడని చుక్కలు బోలెడు వెలిగాయని తర్వాత చెప్పారు. గ్లకోమా అన్నారు. కంట్లో ఒత్తిడి పెరిగి, నొప్పీ గిప్పీ లేకుండా, పక్కల నుంచి చూపును తినేసుకుంటూ వస్తుందట. ఎదురుగా ఉన్న అక్షరాలు శుభ్రంగా కనపడతాయి కాబట్టి మనిషికి తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని మాత్రం చుక్కల మందుతో నిలబెట్టుకోవచ్చు.

నాన్న చివరి రోజుల్లో తలుపు చెక్కలకి భుజాలు కొట్టుకుంటూ తిరిగేవాడు, గుర్తుందా? చూసుకుని నడవమని నువ్వూ నేనూ విసుక్కునేవాళ్ళం. అదీ ఇదేనని డాక్టరమ్మ అంది. ఇది ఇంట్లో ఒకరికి వస్తే మిగతావాళ్ళకీ రావచ్చట, తోడబుట్టినవాళ్ళు ఉంటే వెంటనే చూపించుకోమని చెప్పమంది. అందుకే రాశాను. స్టీరింగు వదిలి పోయిన వస్తువుల కౌంటర్లో కూర్చున్న కొత్తలో, గొడుగులకీ ఒంటి చెప్పులకీ చీటీలు కడుతూ, మధ్య మధ్య ఏడుస్తూ, ఫోన్లో ఒక్కో అక్షరం నొక్కి రాసిన ఉత్తరం అది. నీ సంగతే చివర్లో ఉంది.

పంపిన నిమిషంలో నీ జవాబు వచ్చింది, అదే టీఎల్‌డీఆర్. ఆ అక్షరాలు ఏమిటో నాకు తెలియక నీ మేనకోడలికి చూపించాను. అది నా మొహంలోకి చూడకుండా అర్థం చెప్పి, మామయ్య తమాషాకి అని ఉంటాడని సర్దింది. తీరిగ్గా చదువుతావేమోనని కొన్నాళ్ళు చూశాను. తర్వాత నాకూ పంతం పట్టింది. ఏటేటా కళ్ళజోడు మార్చే పెద్దమనిషికి చెప్పేవాళ్ళు ఉండకపోతారా అనుకుని ఊరుకున్నాను. ఇప్పుడైనా చూపించుకుంటే చూపించుకో, లేదంటే మానెయ్. నీ కళ్ళు, నీ ఇష్టం.

అక్కడితో పోనిచ్చేదాన్నే. కానీ నిన్న సాయంత్రం నీ సభకి వచ్చాను. అవును, వచ్చాను. పేపరు ముక్క సంచీలో పెట్టుకుని, మొహం మీదే అడిగేద్దామని వచ్చాను. లైబ్రరీ హాల్లో ముందు వరస చివర, నువ్వు వేదిక మీదికి వెళ్ళే దారి పక్కనే నిలబడ్డాను. నువ్వు వస్తుంటే అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఆ సూటులో నిన్ను చూసేసరికి, ఛీ, నా కోపం కాస్త కరిగింది కూడా. చెయ్యెత్తి నవ్వాను. నా కొంగు నీ ఎడమ చేతికి తగిలిందేమో కూడా, అంత దగ్గర. తల తిప్పకుండా వెళ్ళిపోయావు. పరాయిదానికైనా తలూపుతారు కదరా!

పొగరు నా ఒక్కదానితోనే అనుకుంటే సరిపెట్టుకుందును. మెట్ల దగ్గర ఒకావిడ ఎడమ పక్క నుంచి పూలగుత్తి అందిస్తుంటే ఆవిడని అలాగే నిలబెట్టావు. మరదలు మోచెయ్యి పట్టి లాగితే గానీ అందుకోలేదు. బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు చేత్తో పడదోసి, దాన్ని అక్కడ పెట్టినవాణ్ణి కసిరావు. ప్రశ్నలడగమన్నప్పుడు నాకు దగ్గర్లో పిల్లలు చేతులు ఎత్తీ ఎత్తీ దించుకున్నారు. నువ్వు అటువైపు కుడి పక్క వాళ్ళకే జవాబులిచ్చావు. ఎడమ వైపు కూర్చున్నవాళ్ళు నీకు మనుషుల్లా కనపడలేదా? కళ్ళు నెత్తికెక్కడమంటే ఏమిటో నిన్న చూశాను.

ఆ మీదట ఎవరో టీఎల్‌డీఆర్ సంగతి అడిగారు. ఆ అక్క నిజంగానే ఉందని, ఇప్పటికీ ఉత్తరాలు రాస్తుందని, వాటిని ఆఖరిదాకా చదివినవాళ్ళు ఇంతవరకూ పుట్టలేదని చెప్పావు. హాలంతా గొల్లుమంది. నేను అక్కడే, అంత దగ్గరగా నిలబడి విన్నాను. నన్ను చూసి కూడా ఆ మాట అనగలిగావు చూడు, దానికి నీకు పెద్ద బిరుదివ్వాలి.

కాబట్టి విను. కంప్యూటర్లో ఉన్న నిఘంటువులోంచి ఆ వాక్యం రేపే తీసెయ్. తియ్యనంటే నీకు అక్క లేదు, నాకు తమ్ముడు లేడు. నా గడప తొక్కొద్దు. నీ మేనకోడలికి ఫోన్లు చెయ్యొద్దు. నాన్న ఫొటో ఒక కాపీ కావాలని ఎప్పటినుంచో అడుగుతున్నావు, అదీ ఇవ్వను. ఇకమీదట నా నుంచి నీకు పొడుగు ఉత్తరాల బెడద ఉండదు.

ఇట్లు,
నీ ఉదాహరణ వాక్యం

తాజా కలం: ఒరే చిట్టీ, కవరు అంటించే ముందు ఒకసారి చదువుకున్నాను, మళ్ళీ ఎర్ర సిరా తీస్తావేమోనని. అద్దం సంగతి దగ్గర ఆగిపోయాను. స్తంభం కనపడలేదని సూపర్‌వైజరుతో అన్నప్పుడు నేను అబద్ధమాడలేదు. ఆయనే నమ్మలేదు. ఆ తర్వాత నిన్నటి సంగతులు ఇంకోసారి చదివాను. పూలగుత్తి ఎడమ పక్క. చేతులెత్తిన పిల్లలు ఎడమ పక్క. నేనూ ఎడమ పక్కే.

నువ్వు మొహం తిప్పుకుని పోలేదురా. నేను నీకు కనపడలేదు.

కళ్ళు నెత్తికెక్కాయని పైన రాసింది కొట్టేశాను. మరదలికి ఇప్పుడే ఫోన్ చేసి కారు తాళాలు దాచెయ్యమన్నాను. ఎందుకని కూడా అడగలేదు, ఏడ్చింది. ఈ మధ్య మీ కారుకి ఎడమ వైపంతా గీతలేనట, అడిగితే విరుచుకుపడుతున్నావట. ఆ వాక్యం సంగతి తర్వాత చూసుకుందాం. ఈ ఉత్తరం పోస్టు చెయ్యడం లేదు. రేపు పొద్దున్నే నేనే వచ్చి నిన్ను మా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తాను. అక్కడ కళ్ళలో మందు వేసి, మూసుకుని కూర్చోమంటారు. అప్పుడు దీన్ని మొదటి నుంచి చివరిదాకా, తిట్లతో సహా, నీకు చదివి వినిపిస్తాను. ఎంత పొడుగున్నా వినాల్సిందే. నీ కుడి పక్కన కూర్చుంటాను.