పైక్ పులుసుకి మసాలా

నోవై,
ఫిబ్రవరి 9

మన చర్చి పురుషుల సహవాసం పెద్ద కృపావరం గారికి, ప్రభువు పేరిట వందనాలు.

“గడ్డకట్టిన సరస్సులో మంచు మీద చేపల వేట ఆడవాళ్ళకి కష్టమమ్మా, మీరు పులుసుకి మసాలా నూరి పంపండి, చాలు” అన్నారు. పంపాను. మీవాళ్ళకి దొరికిన ఒకే ఒక్క పైక్ చేపని, ముళ్ళెక్కువని వేటకి తీసుకెళ్ళిన గైడ్ అనగానే మళ్ళీ నీళ్ళలో వదిలేసి, నా మసాలాతో కొట్లో కొన్న తిలాపియా వండుకున్నారట. పులస తిని పెరిగినవాళ్ళు ముళ్ళకి భయపడ్డారా?

మొన్న శనివారం అదే గైడ్‌ని బుక్ చేసుకుని నేనే వెళ్ళాను. చేతులు కొంకర్లు పోయినా, మంచుకి వేసిన కన్నంలోంచి మూడడుగుల పైక్‌ని బయటికి లాగాను. ఆయన వదిలేద్దామంటే ఒప్పుకోలేదు. మా స్త్రీల సమాజం పులుసులో ముక్క మిగల్చలేదు.

ఈ శనివారం ఏడుగురు ఆడవాళ్ళం వెళ్తున్నాం. మీరు మసాలా నూరి పంపండి, చాలు.

ఇట్లు,
మీ సహోదరి