మన చెట్టు బోండాలు

కంఠేశ్వర్, నిజామాబాద్.

అన్నా, నేనూ మా సంజనా బాగానే ఉన్నాం, దిగులుపడకు. ఫోన్లో మాట్లాడబోతే ఏడుపొస్తోంది, అందుకే కార్డు. బాపుకు చదివి వినిపించకు.

మీ బావ అంత హఠాత్తుగా ఎట్లా పోయాడని అడిగావు. కిడ్నీలు చెడినవాళ్లకు కొబ్బరినీళ్లలోని పొటాషియం బయటికి పోదు, ఒంట్లో పేరుకుని గుండెను ఆపేస్తుందని డయాలసిస్ దగ్గర మాకు ముందే చెప్పారు. ఆ రోజు బాపు బోధన్ బస్సులో మన చెట్టు బోండాలు రెండు మోసుకొచ్చాడు. "తాగు అల్లుడా, పాణం సల్లవడ్తది" అన్నాడట. నేను మందులు తెచ్చేసరికి ఆయన రెండూ తాగేశాడు. అదేందని అడిగితే, "మామ గంత దూరం మోసుకొచ్చిండు, వద్దని ఎట్లంట" అన్నాడు. తెల్లారేసరికి లేడు.

వదినకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? సంజన స్వెట్టర్ మీ ఇంట్లోనే మరిచింది, ఎవరైనా ఇటు వస్తే పంపు. పిల్లలను ప్రార్థనలో మమ్మల్ని తలుచుకోమను.

మొన్న సమాధి దగ్గర బాపు, "ఇంకో రెండు బోండాలు తెస్తే బతుకుతుండెనేమో బిడ్డా" అన్నాడు. నేను కాదనలేదు. నీతో అంటే నువ్వూ కాదనకు.

నీ చెల్లె,
రజిని