బావగారి ఊపిరి అంకెలు

బావగారికి మరదలి నమస్కారాలు.
ఆస్తమా నాలుగు రోజుల్లో పోయే జలుబు కాదు బావా. గోధుమరంగు ఇన్‌హేలర్ ఆయాసం ఉన్నా లేకున్నా రెండుపూటలా పీల్చి, నోరు పుక్కిలించాలి. నీలంది ఊపిరాడనప్పుడే. నే పంపిన గొట్టంలో రోజూ పొద్దున్నే గట్టిగా ఊది, ముల్లు చూపిన అంకె రాసి పంపండి. అంకె పెరక్కపోతే వడ్రంగం మానాల్సిందేనట, మా డాక్టరుగారు తేల్చేశారు.
మీ నర్సు మరదలు
తా.క.: గొట్టంలోకి మీసం పోనివ్వకండి.

మరదలు పిల్లకి బావ దీవెనలు.
వడ్రంగం మానేసి గోళ్లు గిల్లుకోమంటావా? మందు పూట తప్పకుండా పీలుస్తున్నా. ఆయాసం మాటే లేదు. అంకెలు: మూడొందల తొంభై, రెండొందల అరవై, రెండొందల నలభై.
బావ
తా.క.: మొదటిరోజు ఊదుతుంటే, తలుపు కొలతలు తెచ్చినావిడ “ఏం పాటండీ?” అంది.

బావగారికి,
అలా పడిపోతున్నాయేంటి! మందు ఎగ్గొడుతున్నారా? చాటుగా సిగరెట్టా? మూతికి గుడ్డ లేకుండా రంపం పడుతున్నారా? నిజం చెప్పండి.
మరదలు
తా.క.: అబద్ధమాడితే అక్కకి రాస్తా.

మరదలికి,
నీ మీదొట్టు, ఏ పాపం ఎరగను! నిన్న టేకు తలుపు ఒక్కణ్ణే రెండో అంతస్తుకి మోశా. ఇవాళ్టి అంకె రెండొందల పది.
బావ
తా.క.: ఆస్తమా నీ గొట్టానికేమో, డాక్టరుకి చూపించు.

బావగారికి,
రెండొందల పదా! ఉత్తరం అందగానే డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. దుకాణానికి తాళం వేయండి. నాకు భయంగా ఉంది బావా.
మరదలు
తా.క.: పరిగెత్తకండి. ఆటోలో వెళ్లండి.

మరదలికి,
తిట్టు, పడతా. మొదటిరోజు తప్ప ఊదింది నేను కాదు, మీ అక్క. జనం ముందు సిగ్గేసి గొట్టం తన చేతికిచ్చా. ఒకే ఇల్లు, ఒకే గాలి, ఎవరూదితే ఏంలే అనుకున్నా.
నీ ఉత్తరంతో హడలిపోయి ఇద్దరం వెళ్లాం. నాకు నాలుగొందల ఇరవై, దుకాణం తెరుచుకోవచ్చట. మీ అక్కకి ఆస్తమాట! ఏళ్ల తరబడి దుకాణంలో రంపం పొట్టు ఊడుస్తూ దగ్గుతుంటే “పడిశంలే” అంది, నేనూ సరేలే అన్నా. పక్కనే ఉండి పట్టించుకోనందుకు సిగ్గుగా ఉంది. వారంగా తనూ మందు పీలుస్తోంది. పొట్టు నేనే నీళ్లు చల్లి ఎత్తుతున్నా.
బావ
తా.క.: నిన్న రాత్రి మీ అక్క ఒక్కసారి కూడా దగ్గలేదు. నాకు అలవాటు లేక రెండుసార్లు లేచి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశా. రెండోసారి కొరికింది.