చుట్టకి సూటు తొడిగితే

మార్చి 3

కొత్త ఆర్డర్. సిగార్ల డబ్బా. ప్రీమియం, మైల్డ్. ఇప్పటిదాకా నేను డిజైన్ చేసినవన్నీ సబ్బుల డబ్బాలు, బూట్ల డబ్బాలు. రుచి తెలియకుండా ఎలా గీస్తారంటూ క్లయింట్ రెండు సిగార్లు చేతిలో పెట్టాడు. చుట్టకి సూటు తొడిగితే సిగార్, అంతేగా! బ్యాగులో పడేశాను.

మా ఆయన సిగరెట్లు మానేసి నేటికి నలభై ఒక్క రోజులు. ఇంకొక్కటి తాగినా తాను పూచీ కాదని డాక్టర్ ఎక్స్‌రే చూపించి మరీ చెప్పాడు. రోజూ ఆయన చొక్కా వాసన చూసే డ్యూటీ నాది.

మార్చి 6, సాయంత్రం 4

ఇంట్లో ఎవరూ లేరు. పని కోసమే అనుకుంటూ బాల్కనీలో వెలిగించాను. ముందు దగ్గు. పొగ మింగకూడదు, నోట్లో తిప్పి వదిలేయాలని క్లయింట్ చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది. రెండో దమ్ముకి వేయించిన బాదం. తర్వాత వెన్న. చివర్లో పెన్సిల్ చెక్కినప్పటి వాసన. ఘాటన్నదే లేదు. కుర్చీలో కాళ్లు ముడుచుకుని నలభై నిమిషాలు కూర్చున్నాను. ఫోన్ కూడా చూడలేదు. ఇంత హాయిగా కూర్చుని ఎన్నేళ్లయిందో.

సిగ్గులేని దాన్ని.

మార్చి 7

రెండోదీ కాల్చేశాను. పని అన్న వంక కూడా లేదు. డిజైన్ నిన్ననే పంపేశాను.

మార్చి 8

కొంప మునిగింది. అత్తగారు కర్టెన్‌లో వాసన పసిగట్టారు. ఆయన తాను నడిపే స్కూల్ వ్యాన్ పెట్టేసి లోపలికి రాగానే ఆవిడ దులిపేశారు. తాగలేదు మొర్రో అని ఆయన మొత్తుకున్నారు. కుక్కతోక వంకరే అన్నారావిడ. నేను నోరు మెదపలేదు. అంతటితో ఆగినా బాగుండేది. వీడి చొక్కాకి వాసనొచ్చిందా అని ఆవిడ నన్నడిగితే, ఏమో అన్నాను.

ఏమో!

ఆయన నా వంక చూశారు. అన్నం తినకుండా పడుకున్నారు.

మార్చి 9, ఉదయం 7

వంటగదిలో అత్తగారికి చెప్పేశాను. రెండూ నేనే కాల్చానని, బాల్కనీలోనే అని. ఆవిడ కళ్లొత్తుకున్నారు.

"మొగుణ్ణి వెనకేసుకొచ్చింది చాల్లేమ్మా. నీ నోట్లో చుట్టా? నా చెవిలో పువ్వు పెట్టకు."

ఆయన గుమ్మంలోనే ఉన్నారు. అంతా విన్నారు.

"నేనే తాగానమ్మా. ఇంక తాగను."

ఇలాంటి కోడలు ఎందరికి దొరుకుతుందంటూ ఆవిడ నా తల నిమిరారు. భూమి చీలితే అందులోకి పోదునా అనిపించింది. అయినా కాదని గట్టిగా అనలేదు. అన్నానని రాసుకోవాలని ఉంది, కానీ అనలేదు.

మార్చి 9, ఉదయం 8

వ్యాన్ తాళాలు తీసుకుంటూ ఒక్కటే అడిగారు.

"బాగుందా?"

బాగుందన్నాను.

ఆయన గుటకలు మింగారు.