మూడు లెక్కపెట్టే లోపల

నగరి రోడ్డు,
శుక్రవారం.

చిరంజీవి కోమలికి నాయన దీవెనలు.

మన వీధి మంచినీళ్ళ బావికి ఎగువన నూలుకు రంగులద్దే షెడ్డు ఒక్కటి కూడా రానివ్వనని మీ చిన్నాయన ఆదికేశవులు మాటిచ్చి ముప్పై ఏళ్ళయింది. మిలిటరీలో హవల్దారుగా చేసి పింఛనుతో వచ్చినవాడు, మాట తప్పడని ఊరంతా పోటీ లేకుండా సర్పంచిని చేసింది. మూడో ఏటికే షెడ్డు వచ్చింది, బావి ఎర్రబడింది. ఇది నీకు తెలిసిందే. అయినా దీనితోనే మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఇక్కడ అందరూ కులాసా, నా మోకాళ్ళు తప్ప. నువ్వు పంపిన తైలం పూస్తున్నాను. వాసన బాగుంది, నొప్పి అట్లాగే ఉంది. మగ్గం అమ్మేశావా అని అడిగావు. లేదు. ఇవన్నీ ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు మేజరువి, నన్ను మాట పూర్తి చేయనివ్వవు.

ఇక నువ్వడిగిన పెద్ద ప్రశ్న, సైన్యంలో పనిచేసినవాళ్ళు మంచి నాయకులవుతారా అని. పద్నాలుగేళ్ళు ఆర్మీ ఆస్పత్రుల్లో నర్సింగ్ ఆఫీసరుగా చేశావు. ఇప్పుడు ఉద్యోగం ముగించుకుని వచ్చి సర్పంచిగా నిలబడతానన్నావు. చదివి సంతోషపడ్డాను, దాచను. ఆ సంతోషం మూడు రోజులే ఉంది. సోమవారం బస్టాపు దగ్గర ఫ్లెక్సీ చూశాను. యూనిఫాంలో నువ్వు. నీ వెనక సెల్యూట్ కొడుతూ, చనిపోయి నాలుగేళ్ళయిన మీ చిన్నాయన! కింద పెద్ద అక్షరాలతో 'మాట తప్పని మిలిటరీ వంశం' అని.

కట్టించింది వాడి కొడుకు మురుగేష్.

"ఏందిరా ఇది?" అన్నాను.

"ఎదురు ఎవురూ నిలబడకుండా సూస్తాండా పెద్దనాయనా. అక్క వస్తే ఊరు లైన్లో ఉంటాది."

అంతకన్నా నన్ను కుదిపేసింది పక్కనే నిలబడిన చౌడేశ్వరమ్మ. బావి నీళ్ళు పాడైనప్పుడు అందరికన్నా గట్టిగా ఏడ్చిన మనిషి. "మిలిటరీ వాళ్ళే రావాల అన్నా. ఊర్లో మాట్లాడేవాళ్ళు ఎక్కువైపోయినారు," అంది.

"బావి సంగతి మరిచిపోయినావా చౌడమ్మా?"

"బావి పోతే పోయింది. ఆయప్ప రూపాయి తిన్లేదు గదా!"

నిజమే, తినలేదు. దొంగయి ఉంటే పట్టుకునేవాళ్ళం. సైనికులు ఏలిన దేశాల చరిత్రలు గ్రంథాలయంలో దొరికినన్ని చదివాను. వాళ్ళలో ధైర్యవంతులున్నారు, నిజాయితీపరులున్నారు. ఎదుటివాడు కాదన్నప్పుడు ఏం చేయాలో తెలిసినవాళ్ళే తక్కువ. మీ చిన్నాయనకూ తెలియదు. షెడ్డుకు ఒప్పుకోమని పైనుంచి వచ్చిన కాగితం వాడికి ఆర్డరు. గ్రామసభలో గడగడా చదివి, "అభ్యంతరం ఉన్నోళ్ళు లెయ్యండి. ఒకటి, రెండు, మూడు," అని విజిల్ ఊదాడు. గుంతమగ్గంలో కాళ్ళు పెట్టి బతికినవాళ్ళం, మనకు లేవడానికే ఆలస్యం.

ఇప్పటిదాకా నీకు చెప్పనిది ఒకటుంది. ఆ రోజు నేను లేచాను. నలభై ఇళ్ళవాళ్ళు సంతకాలు పెట్టిన కాగితం నా జేబులో ఉంది. "కూసో అన్నా," అన్నాడు, గట్టిగా కూడా కాదు. కూర్చున్నాను. చేతిరాత బాగుంటుందని తీర్మానాల పుస్తకం నా ముందుకే తోశాడు. 'ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని రాసింది నేను. ఎనిమిదేళ్ళ పిల్లవు, రెండేళ్ళపాటు రోడ్డు మీది కొళాయి నుంచి నువ్వు బిందె మోసింది ఆ రాత వల్ల.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. కూలి పనులకు పోయే రెబెకా కూడా సర్పంచికి నిలబడాలనుకుంది. తప్పుకోమని మురుగేష్ వాళ్ళింటికి పోయి మరీ చెప్పాడట. ఆ పిల్ల నా దగ్గరకొచ్చి, "ఓట్లే అడక్కుండా గెలిస్తే, రేపు మేము నీళ్ళకోసరం పోయినామంటే లెఫ్ట్ రైట్ అంటారేమో తాతా," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నామినేషన్లు ఇంకా మొదలుకాలేదు గానీ, ఫారం తెచ్చుకుంది. ప్రతిపాదకుడి చోట సంతకం చేశాను. నీకు ఎదురుగా, కన్న కూతురికి ఎదురుగా.

నువ్వు రా. ఆ ఫ్లెక్సీ దగ్గరుండి విప్పించు. యూనిఫాం పెట్టెలో పెట్టి, రెబెకా మీద పోటీ చేసి గెలువు. కల్నల్ చేత కూడా మాత్ర మింగించినదానివి, కాదన్నవాళ్ళ మాట వినడం నేర్చుకోలేవా? నేర్చుకుంటే నీ ప్రశ్నకు జవాబు నువ్వే అవుతావు. ఓటు ఎవరికి వేస్తానో మాత్రం అడగవద్దు.

లేచిన నన్ను ఎవరూ పట్టుకుని కూర్చోబెట్టలేదు. కూర్చున్నది నేను, రాసింది నేను. అంతా ఒప్పుకుంటున్నాను. అయినా ఈ రోజుకీ నేను తప్పుపట్టేది మీ చిన్నాయన ఆదికేశవులునే.

ఇట్లు,
మీ నాయన,
గోవిందయ్య